ఏరువాక పున్నమి రాత్రి

నాయనా,

తెల్లవారకముందే లేచి, వీధి కుక్కలు వెంటపడుతున్నా లెక్కచేయకుండా పరేడ్ గ్రౌండ్స్ దాకా పరుగు తీసి వస్తున్నావని విన్నాను. నిన్న మా గుమ్మంలో నిలబడి, "తాతా, సైన్యంలో చేరతాను, ఏదో ఒకనాటికి గుండెమీద పతకంతో వస్తాను, దీవించు" అన్నావు. తలమీద చెయ్యివేసి పంపేశాను కాని, రాత్రంతా నిద్ర పట్టలేదు. నీ సంకల్పంలో దోషం లేదు. ఆ కోరిక చెప్పిన తీరులోనే ఒక వంకర ఉంది. దాన్ని సరిచేయకుండా దీవిస్తే పెద్దవాణ్ణని చెప్పుకోవడానికి నాకు అర్హత ఉండదు. అందుకే ఇవాళ పిలిపించాను. కూర్చో.

మన దేశంలో పరమవీరచక్ర ఇంతవరకు 21 మందికి వచ్చింది. వారిలో 14 మందికి మరణానంతరమే. అంటే ఆ పతకాన్ని రాష్ట్రపతి చేతి నుంచి అందుకున్నది ఎక్కువసార్లు భార్యో, తల్లో, తండ్రో. నీవు గుండెమీద పెట్టుకు వస్తానన్నది చాలా ఇళ్ళలో గోడమీదికి చేరింది, పక్కన ఒక పటంతో. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. కోరుకునేది ఏమిటో తెలిసి కోరుకోవాలని చెబుతున్నాను.

ముందు నీవు పరుగు తీస్తున్న నేల సంగతి విను. 1798 నాటి ఒప్పందం తరువాత ఇంగ్లీషువాళ్ళ పటాలాలు ఇక్కడ గుడారాలు వేశాయి. 1806లో నిజాము సికందర్ జా పేరిట ఈ ఊరు సికింద్రాబాదు అయింది. అది కాగితాల మీది పేరు. జనం నోట ఇది లష్కరు, అంటే సైన్యం. ఇన్నేళ్ళయినా ఆషాఢంలో మనం చేసుకునేది లష్కర్ బోనాలే కదా! ఆ ఉజ్జయిని మహంకాళమ్మను ఇక్కడ నిలిపినవాడెవడో నీకు ఎవరైనా చెప్పారా? ఆలయ చరిత్ర ప్రకారం ఆయన సురిటి అప్పయ్య. దండులో డోలీ మోసేవాడు. కత్తి తిప్పిన సరదారు కాడు, గుర్రమెక్కిన దొర కాడు. దెబ్బతిన్నవాణ్ణి, జబ్బుపడ్డవాణ్ణి భుజం మీద మోసుకుపోవడం ఆయన కొలువు. 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యాడు. అక్కడుండగా కలరా గత్తర లేచింది. మా ఊరివాళ్ళు చల్లగా ఉంటే నీ రూపాన్ని తీసుకెళ్ళి నిలుపుకుంటానని అమ్మవారికి మొక్కాడు. తిరిగి వచ్చి 1815లో ఆ మొక్కు చెల్లించాడు. లష్కరుకు అమ్మను తెచ్చినవాడు తన కోసం ఏమీ అడగని ఒక బోయీ. ఆయనను గుర్తుపెట్టుకో, మళ్ళీ ఆయన దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మేజర్ పద్మపాణి ఆచార్య గురించి చెబుతాను. పేరు నీవు వినే ఉంటావు. పేరు వినడం ఒకటి, మనిషిని తెలుసుకోవడం వేరొకటి.

ఆ కుటుంబం మూలాలు ఒడిశావి. ఆయన పుట్టింది మాత్రం హైదరాబాదులోనే, 1969 జూన్ 21న. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండరు హోదాలో పనిచేసినవారు. మదరాసులోని అధికారుల శిక్షణ అకాడమీలో తర్ఫీదు పొంది, 1994లో రెండవ రాజపుతానా రైఫిల్స్‌లో చేరాడు. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చేనాటికి కంపెనీ కమాండరు. అంటే సుమారు నూరుమంది ప్రాణాలకు ఆయన పూచీ. ఇంటిదగ్గర భార్య గర్భవతి.

ఆ యుద్ధమెందుకో తెలుసుకుంటే గాని ఆ రాత్రి అర్థం కాదు. శ్రీనగర్ నుంచి లేహ్‌కు పోయే రహదారి ద్రాస్ దగ్గర కొండల కాళ్ళకింద నుంచి పోతుంది. మీద కూర్చున్నవాడికి కిందపోయే ప్రతి లారీ కనిపిస్తుంది. చొరబడ్డ పాకిస్తాన్ సేన ఆ శిఖరాలమీద రాళ్ళతో బంకర్లు కట్టుకుని, ఫిరంగులకు గురి చూపుతూ కూర్చుంది. దింపాలంటే కిందినుంచి పైకి ఎక్కాలి. చాటుకు చెట్టు లేదు, పొద లేదు, నిలువురాయి తప్ప. మన మౌలాలి గుట్ట మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడతామే, అక్కడ ఎత్తు దాదాపు 15,000 అడుగులు. గాలే చాలదు. వీపున బరువు, చేతిలో తుపాకి, పాదం కింద ఎక్కడో మందుపాతర.

జూన్ 19న ఆయన తండ్రికి ఒక ఉత్తరం రాశాడు. పోరాడే అవకాశం జన్మకొక్కసారి దక్కే గౌరవమని అమ్మకు చెప్పమన్నాడు. ప్రాణనష్టం ఈ వృత్తిలో తన చేతిలో లేని సంగతి అనీ, ఎటూ మంచి పని కోసమే కదా అనీ రాశాడు. ఆ తరువాత అడిగినది విను. తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని అడిగాడు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బాలని.

ఆ మాట దగ్గర కాస్త ఆగు నాయనా. చుట్టూ గుండ్లు పేలుతున్నాయి. రెండు రోజులైతే ముప్పయ్యో పుట్టినరోజు. ఆ మనిషి మనసు హైదరాబాదులో ఒక ఇంట్లో, సాయంత్రం దీపం పెట్టిన వేళ, మామగారు కోడలికి కథ చెప్పే చోట నిలబడి ఉంది. కడుపులోని బిడ్డ కథ వింటుందన్న నమ్మకం మనకు అభిమన్యుడి నుంచి వచ్చింది. సుభద్ర కడుపులో ఉండగానే పద్మవ్యూహంలోకి పోయే దారి విన్నాడనీ, వెలికి వచ్చే దారి వినలేదనీ చిన్నప్పటి నుంచి వింటున్న కథే. అభిమన్యుడు పడిపోయేనాటికి ఉత్తర గర్భవతి అన్న సంగతి మనం అంతగా తలుచుకోము. ఉత్తరం రాసినాయన తలుచుకున్నాడో లేదో మనకెందుకు? ఆయన అడిగింది భారతకథ, శౌర్యగాథ కాదు. భారతంలో శౌర్యం ఎంత ఉందో, శౌర్యం మీద విచారణ అంతకంటె ఎక్కువ ఉంది.

జూన్ 28 రాత్రి. ఆ ఏడు అధిక జ్యేష్ఠం రావడంతో నిజ జ్యేష్ఠ పున్నమి ఆ రోజుకు పడింది. మన పల్లెల్లో అది ఏరువాక పున్నమి. ఎద్దులకు పసుపు కుంకుమలు పెట్టి, నాగలికి మొక్కి, తొలి చాలు తోలే రోజు. ద్రాస్ కొండల మీద అదే నిండు వెన్నెల మనవాళ్ళకు పగ అయింది. ఎక్కేవాడి నీడ కూడా పైవాడికి కనిపిస్తుంది.

శత్రువు బాగా బలపరచుకున్న ఒక స్థావరాన్ని పట్టుకోవడం పద్మపాణి కంపెనీకి అప్పజెప్పిన పని. చుట్టూ మందుపాతరలు, ముందు మెషిన్ గన్లు, మీదనుంచి ఫిరంగులు. పటాలం పని, బ్రిగేడు పని కూడా ఆ ఒక్క స్థావరం త్వరగా చిక్కడం మీద ఆధారపడి ఉన్నాయి. దాడి మొదలవుతూనే ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ మీద పడ్డాయి. చాలామంది కూలిపోయారు. దాడి అక్కడే ఆగిపోవలసిన స్థితి. వెనక రిజర్వు ప్లటూన్ ఉంది. కంపెనీ కమాండరు దాన్ని పంపవచ్చు. ఆయన పంపలేదు, తీసుకుపోయాడు. గుండ్లవానలోంచి, నిటారు రాతి మీదుగా, పక్కన మనుషులు పడిపోతుంటే మిగిలినవారికి ధైర్యం చెబుతూ ఎక్కాడు. బంకరు దాకా పాక్కుంటూ పోయి లోపలికి గ్రెనేడ్లు విసిరాడు. ఆ దెబ్బలాటలో తీవ్రంగా గాయపడ్డాడు. కదలలేని స్థితి వచ్చింది. అప్పుడు తన మనుషులకు ఆజ్ఞ ఇచ్చాడు: నన్ను ఇక్కడ వదలండి, ముందుకు పొండి. వాళ్ళు పోతుంటే పడినచోటు నుంచే కాల్పులు సాగించాడు. స్థావరం చిక్కింది. ఆ తరువాతే ఆయన ప్రాణం పోయింది. ఆయనకు ఇచ్చిన మహావీరచక్ర ప్రశంసాపత్రంలో ఉన్న సంగతులే నీకు చెప్పాను. నేను కలిపినది ఏమీ లేదు.

అదే పటాలం నుంచి అదే పోరులో మరిద్దరు అధికారులు ఒరిగారు. ఒకరు కెప్టెన్ విజయంత్ థాపర్, ఇరవై రెండేళ్ళవాడు. ఇంకొకరు నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ నెయికెఝాకువో కెంగురుసే. మంచు పట్టిన రాయి మీద బూటు జారుతుంటే, ఆ చలిలో బూట్లు విప్పేసి వట్టి కాళ్ళతో ఎక్కాడు ఆయన. బూట్లు విప్పడమన్నది చూడు, ఎంత చిన్న పని! ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. పని జరగాలి, అడ్డు బూట్లు, కనుక బూట్లు పోయాయి. శౌర్యం దగ్గరనుంచి చూస్తే ఇంత మామూలుగా ఉంటుంది నాయనా. సినిమాలో చూపించే కేకలు, నెత్తురు కళ్ళు దూరం నుంచి చూసేవాళ్ళ కోసం.

ఇప్పుడు అప్పయ్య దగ్గరికి పోదాం. పడ్డవాణ్ణి మోయడం ఆయన ధర్మం. మరి పడ్డవాడే నన్ను మోయవద్దు అంటే? దాడి సాగుతున్నప్పుడు ముందు వరుస ఆగరాదన్నది సైన్యంలో మొదటి పాఠాల్లో ఒకటి. గాయపడ్డవాణ్ణి ఎత్తడానికి ఇద్దరు ఆగితే శత్రువుకు ముగ్గురు ఒకేచోట దొరుకుతారు. ఎత్తేవాళ్ళు వెనక వస్తారు. కాని ప్రాణస్నేహితుడు పడిపోతే ఏ మనిషి కాలు ముందుకు పడుతుంది? పైగా పడింది తమ నాయకుడు. జవాన్ల కాళ్ళకు ఆ క్షణంలో పడిన సంకెల అది. దాన్ని తెంచగలవాడు ఒక్కడే, పడినవాడు. నొప్పిలో, నెత్తుటిలో ఉండి, నన్ను చూడకండి అని చెప్పగలిగినవాడు. ప్రాణానికి సహజంగా వచ్చే కేక నన్ను కాపాడండి అన్నది. దాన్ని గొంతులోనే నొక్కి ముందుకు పొండి అనడం ఒక్క రాత్రిలో పుట్టే గుణం కాదు. నావాళ్ళ తరువాతే నేను తినాలి, నా కంటె ముందు నావాళ్ళు పడుకోవాలి అని ఏళ్ళతరబడి రోజూ చేసిన చిన్న చిన్న పనుల్లో అది పెరిగి ఉంటుంది. నీవు ఈ దీక్షను మెస్సులో, బ్యారక్‌లో, నీళ్ళ పంపు దగ్గర మొదలుపెట్టాలి. అందరికంటె ముందు గ్లాసు చాపేవాడు కొండమీద అందరికంటె ముందు నడవడు.

పిరికితనానికి సిగ్గుపెట్టి ధైర్యం నేర్పవచ్చునని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఖడ్గ తిక్కన కథ విన్నావు కదా. నెల్లూరు మనుమసిద్ధి సేనాని. మేత పుల్లరి తగవు పెరిగి కాటమరాజు యాదవసేనతో యుద్ధానికి పోయి, ఓడి ఇంటికొచ్చాడు. భార్య నీళ్ళకు మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచిందట, ఆడవాళ్ళ స్నానానికి పెట్టినట్లు. తల్లి విరిగిన పాలు పోసి, నీవు విరిగి వచ్చావు కనుక పాలూ విరిగాయన్నదట. ఆయన తిరిగి పోయి చచ్చేదాకా పోరాడాడు. చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు ఒళ్ళు పొంగేది. ఇప్పుడు వింటే మనసు ఒప్పదు. పసుపు ముద్దకు సిగ్గుపడి చచ్చినవాడి కంటె, ఎవరూ నవ్వకపోయినా, ఎవరూ చూడకపోయినా పని పూర్తిచేసినవాడు నాకు ఎక్కువ. తాను పోతే ఇంట్లోవాళ్ళు ఎలా ఉంటారో తలుచుకున్నాడు కనుక పద్మపాణి మెత్తబడ్డాడా? లేదే! ఇల్లు తలుచుకుంటే గుండె జారుతుందని నీకు ఎవరైనా చెబితే ఆ ఉత్తరం సంగతి చెప్పు.

ఇంకొక మాట కూడా ఈ సందర్భంలోనే. తెగువ ఒక్కటే చాలదు. అశ్వత్థామకు పుట్టుకతోనే తలమీద మణి ఉంది. ఇవాళ్టి మాటలో పతకమనుకో. అతడు పిరికివాడూ కాడు, చేతకానివాడూ కాడు. కాని నిద్రలో ఉన్న ఉపపాండవుల గొంతులు కోశాడు. ఉత్తర కడుపులోని పిండం మీదికి కూడా అస్త్రం వేశాడు. చివరికి ద్రౌపది కోరిక మీద ఆ మణిని ఒప్పజెప్పించారు. పుట్టుకతో వచ్చిన పతకం కూడా నడత చెడితే నిలవలేదు. రేపు నీ చేతికి తుపాకి ఇస్తారు. ఎదుటివాడు ఆయుధం పడేసి చేతులెత్తితే నీ వేలు ఆగాలి. చచ్చిన శత్రువును కాలితో తన్నాలనిపిస్తే కాలు ఆగాలి. అక్కడ ఆగలేనివాడికి ఇక్కడ ఎన్ని పూలదండలు వేసినా ప్రయోజనం లేదు.

హైదరాబాదు సైన్యం నుంచి వచ్చినవాడే మరొకాయన ఉన్నాడు. లెఫ్టినెంట్ కర్నల్ ఆర్దేషిర్ బుర్జోర్జీ తారాపోర్. పారసీ. 1923లో బొంబాయిలో పుట్టాడు. తండ్రి నిజాము కొలువులో సుంకాల శాఖ ఉద్యోగి. ఈయన హైదరాబాదు సంస్థాన సేనలో పదాతిదళంలో చేరాడు. మనసంతా కవచదళం మీద. ఒకరోజు గ్రెనేడ్లు విసిరే అభ్యాసంలో కొత్తగా చేరిన జవాను విసిరిన గ్రెనేడు దూరం పోక అక్కడే పడింది. తారాపోర్ దూకి దాన్ని చేత్తో ఎత్తి బయటికి విసిరాడు. గాల్లోనే పేలింది. ముక్కలు రొమ్ములో దిగాయి. ఆ పూట తనిఖీకి వచ్చిన సంస్థాన సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ కళ్ళారా చూశాడు. తరువాత పిలిపించి మెచ్చుకుంటే, ఈయన అడిగింది కవచదళానికి బదిలీ. హైదరాబాదు లాన్సర్లలో చోటు దొరికింది. సంస్థానం దేశంలో కలిశాక పూనా హార్స్‌కు వెళ్ళాడు. చూశావా, ఆ పూట యుద్ధం లేదు, శత్రువు లేడు. పాఠం తప్పిన ఒక కుర్రవాడు, వాడి పక్కనున్న ప్రాణాలు. అంతే.

1965 సెప్టెంబరులో సియాల్‌కోట్ రంగంలో పూనా హార్స్‌ను నడిపింది ఆయనే. సెప్టెంబరు 11న ఫిల్లోరా దగ్గర గాయపడ్డాడు. వెనక్కి పొమ్మంటే పోలేదు. అయిదు రోజులు ఆ గాయంతోనే తన రెజిమెంటును నడిపాడు. సెప్టెంబరు 16న బుటూర్ డోగ్రాంది దగ్గర ఆయన టాంకు దెబ్బతిని మండిపోయింది, ఆయన వీరమరణం పొందాడు. తన రెజిమెంటు తొమ్మిది టాంకులు పోగొట్టుకుని అరవై శత్రు టాంకులను ధ్వంసం చేసిందని పరమవీరచక్ర ప్రశంసాపత్రం చెబుతుంది. ఆ అంకెలు చెప్పుకుని రొమ్ము విరుచుకోవడం సులభం. నాకు మాత్రం ఆయన పోకముందు తోటి అధికారి మేజర్ చీమాతో చెప్పిన అప్పగింతలు ఎక్కువగా గుర్తుంటాయి. నేను పోతే యుద్ధభూమిలోనే దహనం చేయండి. నా ప్రార్థన పుస్తకం అమ్మకు. మెడలో బంగారు గొలుసు భార్యకు. ఉంగరం కూతురికి. చేతి కడియం, ఫౌంటెన్ పెన్ను కొడుక్కి. టాంకుల మోత మధ్య కూర్చుని తన వస్తువులన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. ఎవరికి ఏది నప్పుతుందో ఆలోచించాడు. తల్లికి గొలుసు కాక ప్రార్థన పుస్తకమే ఎందుకో, కొడుక్కి కలమే ఎందుకో ఆయనకు తెలుసు. ఆయన కోరినట్లే ఆ యుద్ధభూమిలోనే దహనం జరిగింది.

పతకాల మాట వచ్చింది కనుక ఇదీ విను. మహావీరచక్ర వెండిది. అంతకంటె పెద్దదైన పరమవీరచక్ర మాత్రం కంచుది. రూపకల్పన చేసినావిడ సావిత్రీ ఖనోల్కర్. యూరప్‌లో పుట్టి, మన సైన్యాధికారిని పెళ్ళాడి, మన పురాణాలను మనకంటె శ్రద్ధగా చదువుకున్న మనిషి. పరమవీరచక్ర మీద నాలుగు వజ్రాయుధాలు ఉంటాయి. ఇంద్రుడి వజ్రం దధీచి ఎముకలతో చేసినది కదా. ఆయన రాక్షసుణ్ణి చంపలేదు, యుద్ధానికి పోనే లేదు. అడిగిన రోజున ఒళ్ళు వదిలేసి ఎముకలు ఇచ్చాడు. ఇంద్రుడి పేరు గొప్పగా చెప్పుకుంటారు కాని, పతకం మీద ఉన్నది దధీచి ఎముక.

అయితే పతకం వచ్చినవాళ్ళంతా పోయినవాళ్ళేనా అంటే కాదు. తిరుపతి మనిషి మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ 1971 యుద్ధంలో గూర్ఖా పటాలాన్ని నడిపి మహావీరచక్ర తెచ్చుకున్నారు. తొంభై దాటిన వయసు చూశారు. 2021లో విజయానికి యాభయ్యో ఏడు జరిపినప్పుడు తిరుపతిలో ఆయన ఇంటికి వెళ్ళి సత్కరించారు. యుద్ధం పదమూడు రోజులు, ఆ తరువాత బతుకు యాభై ఏళ్ళు. ఆ యాభై ఏళ్ళు ఎలా బతకాలో ఏ శిక్షణ శిబిరమూ నేర్పదు.

మా పాత వీధిలో ఒక సుబేదారుగారు ఉండేవారు. పింఛను తీసుకుంటూ, రోజూ సాయంత్రం సైకిలు మీద కూరలు తెచ్చుకుంటూ. ప్రతి నవంబరులో బ్యాంకుకు పోయి తాను బతికే ఉన్నానని కాగితం ఇచ్చి వచ్చేవారు. వచ్చేటప్పుడు మా అరుగు మీద కూర్చుని, ఇంకో ఏడాదికి బతికున్నట్లు రుజువైందండీ అని నవ్వేవారు. యుద్ధం గురించి అడిగితే ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, మా పిల్లలు పట్టుబడితే, పాదాల గురించి చెప్పారు. కొండల్లో తూటా తగిలినవాళ్ళతో పాటు తడి మేజోళ్ళు తీయక కాలి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారని. రాత్రి ఎంత అలసటగా ఉన్నా బూట్లు విప్పి, పాదాలు తుడుచుకుని, పొడి మేజోళ్ళు వేసుకునే పడుకోవాలని. ఆ తరువాత పక్కవాడి పాదాలు కూడా చూడాలని. పిల్లలు ఇంతేనా అని పెదవి విరిచారు. వాళ్ళకు పెద్ద యుద్ధం కావాలి. ఆయన నిజంగా పెద్ద యుద్ధమే చెప్పారని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నీకు చెప్పకుండా దాటేస్తే తప్పయ్యే సంగతి ఇంకొకటి ఉంది. 2022 జూన్ 17న మన సికింద్రాబాదు స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి. తగలబెట్టినవాళ్ళలో నీలాగే తెల్లవారుజామున పరుగులు తీసినవాళ్ళు ఉన్నారు. సైన్యంలో నాలుగేళ్ళ కొలువు పథకం ప్రకటించగానే, దేహపరీక్షలు గట్టెక్కి రాతపరీక్ష కోసం కాచుకుని ఉన్న కుర్రాళ్ళ కడుపు మండింది. ఆ మంట అబద్ధం కాదు. వయసు మీరిపోతోందన్న భయం, ఊళ్ళో అప్పు, ఇంట్లో ఆశ, అన్నీ నిజం. రైల్వే భద్రతా దళం కాల్పుల్లో ఒక పిల్లవాడు చచ్చిపోయాడు. సైనికుడు కావాలనుకున్నవాడు సైనికుడు కాకుండానే తూటాకు పోయాడు. ఆ తల్లికి ఏం చెప్పి ఓదార్చగలం? అయినా, నాయనా, ఆ పెట్టెల్లో మనలాంటి ప్రయాణికులే ఉన్నారు, వాళ్ళ పిల్లలూ ఉన్నారు. అన్యాయం జరిగిందనిపించినప్పుడు చేతిని అదుపులో పెట్టుకోలేనివాడు, తుపాకి ఇచ్చాక అదుపులో పెట్టుకోగలడా? కోపం వచ్చినప్పుడు నీవు ఏం చేస్తావో నాకు తెలియదు. నీకూ తెలియకపోవచ్చు. ఇప్పటినుంచే చూసుకో. ఆటోవాడితో తగవు వచ్చినప్పుడు చూసుకో, చెల్లెలు నీ వస్తువు ముట్టుకున్నప్పుడు చూసుకో.

పరేడ్ గ్రౌండ్స్ దగ్గర వీరుల సైనిక స్మారకం ముందునుంచే నీవు రోజూ పోతావు. ఏటా జూలై 26న అక్కడ పుష్పగుచ్ఛాలు పెడతారు, బ్యూగిల్ ఊదుతారు. నీవు మరొక రోజున వెళ్ళు, ఎవరూ లేని పూట. చెమట తుడుచుకుని రెండు నిమిషాలు నిలబడు. నేనూ ఇలా అవుతానని మొక్కుకోకు. వీళ్ళ వెనక ఎవరి దీపం పెట్టిన ఇల్లు ఉందో తలుచుకో. పద్మపాణి ఉత్తరం చదివిన తండ్రిని తలుచుకో. కోడలికి కథ చెప్పవలసిన ఆ పెద్దాయన పద్మవ్యూహం ఘట్టం వస్తే ఏం చేసి ఉంటాడో నీ మనసుకే వదిలేస్తున్నాను. ఆ బిడ్డ తరువాత పుట్టింది, ఆడపిల్ల. తండ్రిని ఎన్నడూ చూడలేదు.

నేను దీవించనని అనుకోకు. దీవిస్తాను. చేతులు కడుక్కుని, దేవుడి గదిలో అక్షింతలు తీసుకు వచ్చి, నిలబెట్టి దీవిస్తాను. నీ పరుగు ఆపకు. భర్తీ ర్యాలీకి పేరు ఎక్కించుకున్నానని నిన్న మా మనవడితో అన్నావట. మంచిదే. కాని నిన్న సాయంత్రం మీ అమ్మ కూరగాయల సంచితో మా వాకిట్లో ఆగి, మావాడు ఈమధ్య ఎందుకో పొద్దున్నే లేస్తున్నాడండీ, పరీక్షలేమైనా ఉన్నాయేమో అంది.

అక్షింతలు తెస్తాను, ఉండు. ఈలోగా నాకు ఒక్క మాట చెప్పు. పేరు ఎక్కించుకున్న సంగతి అమ్మకు చెప్పావా?